స్పార్క్ ప్లగ్ బిగుసుకుపోయిన పాత కారును అమ్మడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పెట్రోలు కారుకు ప్లగ్‌లు మార్చేటప్పుడు మూడు సులువుగా వచ్చి, నాలుగోది పానాకు లొంగకపోవడం, మెకానిక్ దానిని అలాగే వదిలేసి కారును తిరిగి అప్పగించడం అరుదైన సంగతేమీ కాదు. అలాంటి కారు ఆ తరువాత చాలా కాలం ఏ ఇబ్బందీ లేకుండా నడవవచ్చు. అమ్మకానికి పెట్టిన రోజున మాత్రం ఆ ఒక్క ప్లగ్‌ను ముందే తీయించాలా, దాని గురించి కొనేవారికి ఎంత చెప్పాలి, ధర ఎంత తగ్గించాలి అన్న ప్రశ్నలు ఎదురవుతాయి. వాటికి సమాధానాలు ఇవి.

ప్లగ్ "బిగుసుకుపోయింది" అంటే కచ్చితంగా ఏ స్థితి?

ఈ ఒక్క మాటతో మూడు వేర్వేరు స్థితులను సూచించడం వాడుకలో ఉంది కాబట్టి, అమ్మేవారు తమ కారు వాటిలో దేనికి చెందుతుందో ముందుగా తేల్చుకోవాలి. మొదటిది, ప్లగ్ చెక్కుచెదరకుండా ఉండి, నిప్పురవ్వ సక్రమంగా ఇస్తూ, మర మాత్రం తిరగకపోవడం. రెండవది, తీసే ప్రయత్నంలో ప్లగ్ విరిగి, పింగాణీ భాగమో ఆరు పలకల తలో చేతికి వచ్చి, మరలున్న లోహపు గుల్ల ఇంజిన్ పైభాగమైన సిలిండర్ హెడ్‌లోనే మిగిలిపోవడం. మూడవది, ప్లగ్ కొంత తిరిగినా, హెడ్‌లోని అల్యూమినియం మరలను కూడా తనతోపాటు చీల్చుకుని రావడం. మొదటి స్థితిలో ఉన్నది నడుస్తున్న కారు. రెండవ స్థితిలో ఉన్నదానిని మరమ్మతు అయ్యేదాకా నడపకూడదు. మూడవది ఈ రోజు నడిచినా, కుదుపులకూ సిలిండర్‌లోని ఒత్తిడికీ ప్లగ్ ఎప్పుడో ఒకప్పుడు వదులై ఊడిపోయే ప్రమాదం ఉన్న కారు.

మెకానిక్ "ప్లగ్ రావడం లేదు" అని మాత్రమే చెప్పి ఊరుకుంటే, అది కొంచెమైనా తిరిగిందా, తిరిగేటప్పుడు కిర్రుమన్న శబ్దం వచ్చిందా, తిరిగినదానిని మళ్లీ సరైన బిగింపుకు తెచ్చారా అని అడిగి రాసిపెట్టుకోవడం మంచిది. అసలు కదలని ప్లగ్ కంటే పావు చుట్టు తిరిగి ఆగిపోయిన ప్లగ్ ఎక్కువ అనుమానించదగినది, ఎందుకంటే అక్కడ మర దెబ్బతినడం అప్పటికే మొదలై ఉండవచ్చు. పైగా దానిని వదులుగానే విడిచిపెట్టి ఉంటే మండిన వాయువులు మరల పక్కగా బయటకు తన్నుకొస్తాయి.

అసలు ఎందుకు బిగుసుకుపోతుంది? తప్పు నాదేనా?

కొంత మీది కావచ్చు, కొంత మీకంటే ముందు ఆ కారుపై చేయి వేసిన వారిది కావచ్చు. అన్నిటికంటే సాధారణమైన కారణం, మార్చవలసిన గడువు దాటిపోవడం. మామూలు నికెల్ ప్లగ్‌లను సుమారు 30,000 నుంచి 50,000 కిలోమీటర్లకు, ప్లాటినం, ఇరీడియం రకాలను చాలా కార్లలో సుమారు 1,00,000 కిలోమీటర్లకు మార్చమని తయారీదారులు చెబుతారు. ఈ పొడవైన గడువు యజమానికి సౌకర్యమే గాని, అన్నేళ్లపాటు ఉక్కు ప్లగ్ అల్యూమినియం హెడ్‌లో కదలకుండా ఉండిపోతుందన్నది దాని మరో ముఖం. వేడెక్కినప్పుడు అల్యూమినియం ఉక్కుకు దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. వేలసార్లు వేడెక్కి చల్లారే క్రమంలో రెండు లోహాలూ ఒకదానిపై ఒకటి రాసుకుంటాయి. తేమ చేరితే రెండు వేర్వేరు లోహాల మధ్య విద్యుత్ రసాయన చర్య వల్ల తుప్పు పేరుకుంటుంది.

రెండవ కారణం మసి. ప్లగ్ మరల చివరి భాగం దహన గది వైపు కొంచెం బయటికి పొడుచుకు వచ్చినా, అక్కడ మసి గట్టిపడి తాళం వేసినట్లు పట్టేస్తుంది. కారుకు నిర్దేశించినదానికంటే పొడవైన మర ఉన్న ప్లగ్ వేస్తే ఇది తప్పదు. 19 మిల్లీమీటర్ల పొడవు మర ఉండవలసిన చోట 26.5 మిల్లీమీటర్లది వేస్తే పిస్టన్‌కు తగలడం అంతకంటే పెద్ద ప్రమాదమని చెప్పనక్కరలేదు. మూడవ కారణం, గతంలో ఎవరో కొలత లేకుండా బిగించడం. 14 మిల్లీమీటర్ల వ్యాసం గల మర ఉన్న ప్లగ్‌కు అల్యూమినియం హెడ్‌లో 25 నుంచి 30 న్యూటన్ మీటర్ల బిగింపు, 12 మిల్లీమీటర్లదానికి 15 నుంచి 20, 10 మిల్లీమీటర్లదానికి 10 నుంచి 12 సరిపోతాయి. ఇవి చేతికి చాలా తక్కువగా తోచే బలాలు కావడంతో, బిగింపును కొలిచే పానా, అంటే టార్క్ రెంచ్, లేని చోట "ఇంకొంచెం" అన్న మాట దగ్గరే సమస్య పుడుతుంది. మర అంటుకోకుండా పూసే గ్రీజు వంటి పూత కూడా ఇక్కడ రెండంచుల కత్తి. పూత వల్ల మర జారుడుగా మారి అదే కొలతకు అసలు బిగింపు ఎక్కువవుతుంది కాబట్టి, ఎన్‌జీకే వంటి ప్లగ్ తయారీదారులు తమ పూత పూసిన మరలున్న ప్లగ్‌లకు దానిని వాడవద్దనే చెబుతారు.

ఇవిగాక, వాల్వ్ కవర్ సీలు కారి నూనె, లేదా ఇంజిన్‌ను కడిగినప్పుడు నీళ్లు, ప్లగ్ ఉండే లోతైన గుంటలో నిలిచిపోవడం కూడా ఒక కారణం. అమ్మేముందు, ప్లగ్‌కు విద్యుత్తు అందించే కాయిల్‌ను పైకి లేపి ఆ గుంటలో ఏముందో చూడండి. అక్కడ నూనె ఉంటే ప్లగ్ సంగతితోపాటు సీలు సంగతి కూడా కొనేవారికి చెప్పవలసి వస్తుంది.

కారు చక్కగా నడుస్తోంది. అలాంటప్పుడు దీనిని లోపం అనాలా?

అనాలి. ప్లగ్ అనేది అరిగిపోయే భాగం. దాని అంచు అరుగుతున్నకొద్దీ రవ్వ దూకవలసిన ఎడం పెరుగుతుంది, కాయిల్‌పై భారం పెరుగుతుంది, చివరికి ఆ సిలిండర్ మిస్ కొట్టడం, అంటే అందులో పెట్రోలు సరిగా మండకపోవడం, మొదలవుతుంది. అప్పుడు మండని పెట్రోలు ఎగ్జాస్ట్‌లోకి వెళ్లి, పొగను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను విపరీతంగా వేడెక్కించి పాడుచేయగలదు. కాబట్టి కొనేవారు కొంటున్నది ఈ రోజు బాగున్న ప్లగ్‌తో పాటు, మార్చవలసిన రోజున మార్చలేని ప్లగ్‌ను కూడా. ఆ ఖర్చు వాయిదా పడిందే తప్ప రద్దు కాలేదు.

అమ్మడానికి ముందే దానిని తీయించాలా?

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ప్లగ్ బాగా పనిచేస్తూ, ఇంజిన్‌లో ఏ లక్షణమూ కనిపించనప్పుడు, అమ్మకానికి రెండు రోజుల ముందు దానిపై బలప్రయోగం చేయించడం గోటితో పోయేదానిని గొడ్డలి దాకా తెచ్చుకోవడమే. నడుస్తున్న కారుగా అమ్మవలసినది, ప్లగ్ విరిగితే, బండిపై ఎక్కించి తీసుకుపోవలసిన కారుగా మారుతుంది. ఆ రెండింటి ధరల మధ్య తేడా సాధారణంగా బిగుసుకున్న ప్లగ్ పేరు చెప్పి కొనేవారు తగ్గించమనే మొత్తం కంటే ఎక్కువే ఉంటుంది.

అలాగని ఏ పనీ చేయకుండా ఊరుకోమని కాదు. సిలిండర్ హెడ్ పనిలో అనుభవమున్న మంచి మెకానిక్‌కు కారు చూపించి, ప్లగ్‌ను కదిలించకుండానే మూడు అంచనాలు రాయించుకోవాలి. నానబెట్టగా మామూలుగా వస్తే ఎంత, విరిగి లోపలి ముక్కను పనిముట్టుతో తీసి మరకు కొత్త ఇన్సర్ట్ (దెబ్బతిన్న మర స్థానంలో అమర్చే ఉక్కు మర) వేయవలసి వస్తే ఎంత, అదీ కుదరక హెడ్ దించవలసి వస్తే ఎంత అన్నవే ఆ మూడు. హెడ్ దించడమంటే టైమింగ్ చైను లేదా బెల్టు విప్పడం, కూలెంట్ తీసివేయడం, కొత్త హెడ్ గాస్కెట్, చాలా ఇంజిన్లలో ఒక్కసారి మాత్రమే వాడదగిన కొత్త హెడ్ బోల్టులు, హెడ్ ఉపరితలం సమంగా ఉందో లేదో పరీక్షించడం అన్నీ కలిసి వస్తాయి కనుక, మూడవ అంచనా మొదటిదానికి ఎన్నో రెట్లు ఉంటుంది. కొనేవారిని భయపెట్టేది ఖర్చు కంటే ఆ ఖర్చు ఎంతో తెలియకపోవడం. వారి చేతిలో ఈ కాగితం పెడితే బేరం ఊహల మీద కాకుండా అంకెల మీద సాగుతుంది.

ముందే తీయించడం మేలైన సందర్భాలు కూడా ఉన్నాయి. ఇంజిన్ ఇప్పటికే మిస్ కొడుతుంటే, ప్లగ్ వదులై వాయువులు కారుతుంటే, లేదా కారు విలువతో పోలిస్తే మూడవ అంచనా కూడా చిన్నదే అయితే, మరమ్మతు చేయించి రసీదులతో అమ్మడమే లాభం. కారు విలువ తక్కువగా ఉండి హెడ్ దించే ఖర్చు దానిలో పెద్ద భాగమైతే మాత్రం, చేయి పెట్టకుండా ఉన్నదున్నట్టు చెప్పి అమ్మడమే తెలివైన పని.

ఆ ప్లగ్‌ను నేనే తీసే ప్రయత్నం చేయవచ్చా?

విరిగినా భరించగలననుకుంటేనే చేయాలి. ఇంజిన్ పూర్తిగా చల్లారిన తరువాతే మొదలుపెట్టాలి. వేడిలో అల్యూమినియం మెత్తబడి మర చీరుకుపోయే ప్రమాదం ఉంది కాబట్టి ప్లగ్ తయారీదారులు చల్లని ఇంజిన్‌నే సూచిస్తారు. ఎంతకీ కదలనప్పుడు గోరువెచ్చగా చేసి ప్రయత్నించే అనుభవజ్ఞులు లేకపోలేదు గాని, ఆ హెచ్చుతగ్గులు చేతికి తెలిసినవారి పని అది. కాయిల్ తీసిన వెంటనే గుంటలోని ఇసుక, ధూళిని గాలితో ఊదేయాలి, లేకపోతే అవన్నీ సిలిండర్‌లోకి జారతాయి. తరువాత మరలోకి ఇంకే నూనెను కొద్దిగా, కొద్దిగా అంటే ప్లగ్ అడుగు తడిసేంత మాత్రమే, వేసి కొన్ని గంటలు, వీలైతే రాత్రంతా వదిలేయాలి. ఎక్కువ పోస్తే అది సిలిండర్‌లోకి దిగి కొత్త ఇబ్బంది తెస్తుంది.

ప్లగ్ తలకు సరిగ్గా అతికే సాకెట్ కావాలి. 16, 21 మిల్లీమీటర్ల ఆరు పలకలవి ఎక్కువగా కనిపిస్తాయి. కొన్ని కార్లకు 14 మిల్లీమీటర్ల పన్నెండు మూలల సాకెట్ అవసరమవుతుంది. వంకరగా ఒత్తిడి పడితే పింగాణీ పగులుతుంది కాబట్టి సాకెట్ నిటారుగా ఉండాలి. ఎనిమిదో వంతు చుట్టు వదులు చేయడం, వెంటనే కొంచెం వెనక్కి బిగించడం, మళ్లీ నూనె వేసి ఆగడం, ఇలా ముందుకూ వెనక్కూ ఆడిస్తూ పోవాలి. తిరిగేకొద్దీ బిగువు తగ్గుతుంటే మంచి సూచన. తిరిగేకొద్దీ పెరుగుతుంటే మర చీరుకుంటోందని అర్థం, అక్కడే ఆగిపోవాలి. విద్యుత్తుతోనో గాలితోనో కొట్టి తిప్పే ఇంపాక్ట్ గన్‌ను ఈ పనికి వాడనే కూడదు. కొత్త ప్లగ్‌ను వేళ్లతోనే మొదటి చుట్లు తిప్పి, ఆ తరువాతే కొలిచి బిగించాలి.

ప్రయత్నంలో ప్లగ్ విరిగితే కారు అమ్మడానికి పనికిరాదా?

పనికివస్తుంది, కానీ దానిని ఇక నడిచే కారుగా చూపించకూడదు. పింగాణీ ముక్కలు సిలిండర్‌లో పడి ఉండగా ఇంజిన్ తిప్పితే గోడలు గీసుకుపోతాయి. అందువల్ల "ఒకసారి స్టార్ట్ చేసి చూపించండి" అన్నా ఒప్పుకోకండి. మిగిలిన గుల్లను లోపలి నుంచి పట్టి తిప్పే పనిముట్లు ఉన్నాయి. పని తరువాత సన్నని కెమెరాను లోపలికి పంపి ముక్కలేవీ మిగలలేదని చూడవచ్చు. ఆ కెమెరా చిత్రాలు అమ్మేవారికి ఎంతో ఉపయోగపడే సాక్ష్యం. వాటితోపాటు అన్ని సిలిండర్లలోని ఒత్తిడిని కొలిచే కంప్రెషన్ పరీక్ష అంకెలు కూడా ఉంటే, మరమ్మతు జరిగిన సిలిండర్ మిగతావాటితో సమంగా ఉందో లేదో ఎవరైనా చూసి తెలుసుకోగలరు.

మరకు ఇన్సర్ట్ వేయించాను. అది కూడా చెప్పాలా? దాని వల్ల విలువ తగ్గుతుందా?

చెప్పాలి, అయితే దిగులు పడవలసిన పని లేదు. దెబ్బతిన్న మరను తొలిచి, హెలికాయిల్ వంటి తీగ చుట్ట రూపంలోనో, టైమ్‌సర్ట్ వంటి గట్టి గొట్టం రూపంలోనో ఉక్కు మరను అమర్చడం స్థిరపడిన మరమ్మతు పద్ధతి. శ్రద్ధగా వేసిన ఉక్కు ఇన్సర్ట్ మెత్తని అల్యూమినియం మర కంటే గట్టిగానే నిలుస్తుంది. అనుమానం వచ్చేది ఇన్సర్ట్ మీద కాదు, దానిని ఎవరు ఎలా వేశారన్నదాని మీద. హెడ్ దించకుండా తొలిచినట్లయితే లోహపు రజను సిలిండర్‌లో పడకుండా ఏ జాగ్రత్త తీసుకున్నారో రసీదుపై రాయించుకోండి. ఏ సిలిండర్‌కు, ఏ తేదీన, ఓడోమీటర్ ఎంత ఉన్నప్పుడు వేశారన్నది కూడా అందులో ఉండాలి.

కొన్ని ఇంజిన్లకు ఈ సమస్య పుట్టుకతోనే వస్తుందంటారు, నిజమేనా?

నిజమే. అందరికీ తెలిసిన ఉదాహరణ ఫోర్డ్ సంస్థ 2004 మోడల్ ఎఫ్-150లో ప్రవేశపెట్టిన 5.4 లీటర్ల, సిలిండర్‌కు మూడు వాల్వులున్న ట్రైటన్ వి8 ఇంజిన్. దాని తొలి సంవత్సరాల ప్లగ్‌లను రెండు ముక్కలను కలిపి తయారుచేశారు. మరకు దిగువన ఉండే పొడవైన సన్నని గొట్టం మసిలో ఇరుక్కుపోవడంతో, తీసేటప్పుడు పై భాగం చేతికి వచ్చి కింది గొట్టం హెడ్‌లోనే నిలిచిపోయేది. దీనికోసం సంస్థ సర్వీసు సూచనలు జారీచేసింది, విరిగిన గొట్టాన్ని లాగే ప్రత్యేక పనిముట్లు వచ్చాయి, ఆ తరువాత ఒకే ముక్కగా చేసిన ప్లగ్‌లు అమ్మకానికి వచ్చాయి. విచిత్రమేమిటంటే, అదే కుటుంబానికి చెందిన అంతకుముందరి రెండు వాల్వుల ఇంజిన్ల పేరు సరిగ్గా దీనికి వ్యతిరేకమైన జబ్బుతో ముడిపడింది. హెడ్‌లో ప్లగ్ పట్టుకునే మరలు చాలా కొద్దిగా ఉండటంతో వాటిలో ప్లగ్‌లు ఊడి బయటకు ఎగిరిపోయేవి.

ఇలాంటి పేరు పడిన ఇంజిన్ మీ కారులో ఉంటే దాచడం వల్ల ప్రయోజనం లేదు, తెలిసిన కొనుగోలుదారు మొదట అడిగే ప్రశ్నే అది. ప్లగ్‌లు అప్పటికే ఒకసారి మార్చి ఉంటే ఆ రసీదు మీ కారు ధరను పెంచుతుంది.

ప్లగ్ సంగతి కొనేవారికి చెప్పి తీరాలా?

చట్టం దేశాన్ని బట్టి మారుతుంది. వ్యాపారికి ఉన్నంత బాధ్యత సొంత కారు అమ్ముకునే వ్యక్తికి లేని చోట్లు చాలా ఉన్నాయి. కానీ అడిగిన ప్రశ్నకు అబద్ధం చెప్పడం, తెలిసిన లోపాన్ని కావాలని కప్పిపుచ్చడం అనేవాటిని సాధారణంగా ఏ చట్టమూ సమర్థించదు. "ఉన్నది ఉన్నట్టుగా అమ్మడమైనది" అన్న వాక్యం కూడా మోసానికి కవచంగా పనిచేయదు. అది తెలియని లోపాల విషయంలో ఎంతోకొంత రక్షణ ఇస్తుందేమో గాని, మెకానిక్ మీతో స్వయంగా చెప్పిన లోపం విషయంలో కాదు. మెకానిక్ రాసిన పాత బిల్లులో "నాలుగో సిలిండర్ ప్లగ్ రాలేదు" అన్న ఒక్క పంక్తి ఉంటే మీకు తెలుసన్నది రుజువైనట్లే.

చట్టాన్ని పక్కన పెట్టి చూసినా, ముందే చెప్పడమే అమ్మేవారికి లాభం. మీరు చెప్పిన లోపం బేరంలో ఒక అంకె అవుతుంది. కొనేవారు తమంతట తాము కనిపెట్టిన లోపం మాత్రం మీరు చెప్పిన మిగతా మాటలన్నిటి మీదా అనుమానం పుట్టిస్తుంది.

ప్రకటనలో, అమ్మకపు పత్రంలో ఎలా రాయాలి?

తెలిసినదానిని మాత్రమే, వాడుక మాటల్లో రాయాలి. "చిన్న ఇంజిన్ పని ఉంది" అన్నది ఏమీ చెప్పని వాక్యం, పైగా తరువాత తగాదాకు చోటిచ్చే వాక్యం. ఈ విధంగా రాయవచ్చు:

"నాలుగు స్పార్క్ ప్లగ్‌లలో మూడింటిని కొత్తవి వేయించాము. నాలుగో సిలిండర్ ప్లగ్ బిగుసుకుపోయి ఉండటంతో, విరుగుతుందన్న భయంతో మెకానిక్ దానిని తీయలేదు. ప్రస్తుతం అది పనిచేస్తోంది, ఇంజిన్ మిస్ కొట్టడం లేదు, హెచ్చరిక లైటు వెలగడం లేదు. తీసేటప్పుడు విరిగితే హెడ్ పని అవసరం కావచ్చు. మెకానిక్ రాసిచ్చిన అంచనాలు చూపించగలము. ఈ విషయాన్ని లెక్కలోకి తీసుకునే ధర నిర్ణయించాము."

అమ్మకపు పత్రంలోనూ ఇదే విషయాన్ని రాసి, కొనేవారు చదివి సంతకం చేసేలా చూడాలి, ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోవాలి. "తేలికగా వచ్చేస్తుంది" అని గాని, "ఇంకా ఎన్నేళ్లయినా నడుస్తుంది" అని గాని రాయకండి. మంచి ఉద్దేశంతో అన్నా అది హామీ కింద లెక్కకు రావచ్చు.

ధర ఎంత తగ్గించాలి?

ఇదే కారు, ఇదే వయసు, ఇంతే తిరుగుడు ఉండి ఈ లోపం లేనిది ఎంతకు పోతుందో ముందుగా చూడాలి. ఆ తరువాత మెకానిక్ రాసిచ్చిన మూడు అంచనాలలో మధ్యదానిని, అంటే విరిగి ఇన్సర్ట్ వేయవలసి వచ్చే సందర్భానికి అయ్యే ఖర్చును, బేరానికి మొదటి మెట్టుగా తీసుకోవడం నా దృష్టిలో న్యాయమైన పద్ధతి. మొదటి అంచనా మాత్రమే తగ్గిస్తే నష్టభయమంతా కొనేవారి నెత్తిన పడుతుంది; మూడవదాన్ని పూర్తిగా తగ్గిస్తే, బహుశా ఎన్నడూ జరగని హెడ్ పనికి మీరు ముందే సొమ్ము చెల్లించినట్లవుతుంది. కొనేవారు స్వయంగా మెకానిక్ అయితే పని కూలి వారికి పడదు కనుక మధ్య అంచనా కంటే తక్కువ తగ్గింపుకే బేరం కుదరవచ్చు.

ప్లగ్ ఇప్పటికే విరిగి ఉన్న కారుకు ఈ లెక్క వర్తించదు. అక్కడ మూడవ అంచనా నుంచే బేరం మొదలవుతుంది, తరలింపు ఖర్చు కూడా అందులో కలుస్తుంది.

ఎవరికి అమ్మితే మేలు?

పాత కారుకు మారుగా కొత్తది ఇచ్చే డీలర్ సాధారణంగా త్వరగా తేల్చేస్తాడు, ధర మాత్రం తక్కువ కడతాడు. అతని దగ్గరా లోపం రాతపూర్వకంగానే చెప్పాలి. ఇంజిన్ పని సొంతంగా చేసుకోగల వ్యక్తి ఈ కారుకు అన్నివిధాలా తగిన కొనుగోలుదారు, ఎందుకంటే మిగతావారికి భయంగా కనిపించేది అతనికి ఒక సెలవురోజు పని. మొదటిసారి కారు కొంటున్నవారికి, కారు తప్ప వేరే ప్రయాణ మార్గం లేనివారికి ఈ కారును అమ్మకపోవడమే మంచిదని నా అభిప్రాయం. వారు తగ్గింపు ధరను చూసి సంతోషిస్తారు, ప్లగ్ మొరాయించిన రోజున మీకే ఫోన్ చేస్తారు. హెడ్ పాడైన కారును విడిభాగాల కోసం కొనేవారికి ఇవ్వడం, కారు మిగతా భాగాలు కూడా అరిగిపోయినప్పుడు మాత్రమే ఆలోచించవలసిన చివరి దారి.

కొనేవారు తమ మెకానిక్‌తో ప్లగ్ తీసి చూస్తామంటే ఒప్పుకోవాలా?

పనిముట్టు ముట్టుకోకముందే, విరిగితే ఖర్చు ఎవరిదన్నది రాసుకున్న తరువాతే ఒప్పుకోవాలి. కారు ఇంకా మీ పేరునే ఉండగా ఇతరుల చేతిలో ప్లగ్ విరిగి, కొనేవారు "మాకు వద్దు" అని వెళ్లిపోతే నష్టం మొత్తం మీకే మిగులుతుంది. మిగతా మూడు ప్లగ్‌లు తీసి చూడటానికి, కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లను చదివే స్కానర్ పెట్టడానికి, కెమెరా దించడానికి, కాయిల్ లేపి గుంటను పరిశీలించడానికి అభ్యంతరం చెప్పవలసిన పని లేదు. బిగుసుకున్నదానిని మాత్రం పూర్తి సొమ్ము చెల్లించి, కారు తీసుకున్న తరువాతే తీయించుకోమనడం సమంజసం. దానికి ఇష్టపడకపోతే, విరిగినా కొంటామన్న మాటను ముందుగా ఇచ్చిన అడ్వాన్సుతో కలిపి కాగితంపై పెట్టించుకోండి.

కంప్రెషన్ పరీక్షకు ప్రతి సిలిండర్ ప్లగ్‌నూ తీయవలసి ఉంటుంది కాబట్టి, ఈ కారులో ఆ పరీక్ష మూడు సిలిండర్లకే సాధ్యమన్నది ముందే చెప్పండి. ప్లగ్‌లు తీయకుండానే, స్టార్టర్ మోటారు తీసుకునే విద్యుత్ ప్రవాహం హెచ్చుతగ్గులను బట్టి సిలిండర్లను పోల్చి చూసే పరీక్ష ఒకటి ఉంది. అది అంకెల్లో ఒత్తిడిని చూపకపోయినా, బలహీనమైన సిలిండర్ ఉంటే బయటపెడుతుంది.

ఇంజిన్ లైటు వెలుగుతోంది. స్కానర్‌తో చెరిపేసి చూపించవచ్చా?

చూపించకూడదు, చూపించినా దాగదు. స్కానర్‌లో కనిపించే కోడ్‌లలో పి0301 అంటే మొదటి సిలిండర్, పి0304 అంటే నాలుగోది మిస్ కొడుతోందని అర్థం. పి0300 ఏ ఒక్క సిలిండర్‌కూ పరిమితం కాని మిస్‌ను సూచిస్తుంది. ఈ కోడ్‌లను చెరిపినప్పుడు కారు స్వయంగా చేసుకునే పరీక్షల ఫలితాలు కూడా చెరిగిపోయి "పూర్తి కాలేదు" అని కనిపిస్తాయి. కోడ్ చెరిపాక ఎన్ని కిలోమీటర్లు నడిచిందో కూడా చాలా కార్లు గుర్తుంచుకుంటాయి. స్కానర్ తెచ్చిన కొనుగోలుదారు మొదట చూసేది దీనినే. లైటు నిలకడగా వెలగకుండా కొట్టుకుంటూ ఉంటే అది క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేసే స్థాయి మిస్ అన్న హెచ్చరిక, ఆ కారును టెస్ట్ డ్రైవ్‌కు ఇవ్వనే కూడదు.

డీజిల్ కారుకు ఇదంతా వర్తిస్తుందా?

డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్‌లు ఉండవు. అయితే చల్లని ఇంజిన్ అందుకోవడానికి వాడే గ్లో ప్లగ్‌లు ఉంటాయి, అవి ఇంకా సన్నగా ఉండి ఇంకా సులభంగా విరుగుతాయి. వెల్లడించవలసిన పద్ధతి, అంచనాలు రాయించుకునే పద్ధతి రెండింటికీ ఒకటే.

అమ్మిన నెల తరువాత ప్లగ్ విరిగిందని కొనేవారు డబ్బు అడిగితే?

సంతకం చేసిన పత్రంలో ఆ సిలిండర్ సంఖ్యతో సహా లోపం రాసి ఉంటే, దాని ఫోటోను మర్యాదగా పంపడమే మొదటి జవాబు. వారు చెబుతున్నది వేరే సిలిండర్ ప్లగ్ గురించా, అదే ప్లగ్ గురించా అని కనుక్కోండి. మీరు కొత్తవి వేయించామని చెప్పిన మూడింటిలో ఒకటి మర చీరి ఊడిపోయి ఉంటే, అది ఆ పని చేసిన మెకానిక్ రసీదును, అతని హామీ గడువును తిరగేయవలసిన సంగతి. అందుకే అమ్మకపు పత్రంతోపాటు ప్లగ్‌ల రసీదు, మూడు అంచనాల కాగితం, అమ్మిన రోజున తీసిన స్కానర్ ఫలితం, ఓడోమీటర్ ఫోటో ఒకే చోట పెట్టి, మీ ప్రాంతంలో ఇలాంటి దావా వేయడానికి ఉన్న గడువు ముగిసేవరకు భద్రపరచాలి.